ఇరవయ్యారేళ్ళ తర్వాత పెళ్ళి

1824, అక్టోబరు. మిషిగన్ సరస్సు పడమటి ఒడ్డున బెల్‌రివ్ అనే బొచ్చుతోళ్ళ వ్యాపారుల ఊరు. పొద్దున తొమ్మిది దాటింది. అంగడి వెనక వంటిల్లు. వ్యాపారి, ఊరి మేజిస్ట్రేటు అంబ్రాజ్ లావాల్. ఆయన భార్య దొమితిల్.

“…ఒక్క మాట. నోరు తెరిచి ఒక్క మాటంటే చాలు. ‘సమ్మతమే’ అను, వచ్చెయ్. ఎంతసేపు? పొయ్యి మీద నీళ్ళు కాగేలోపల ఇంటికొచ్చేస్తాం.”

“ఆ మాట ఒకసారి అన్నాను.”

“అన్నావు. ఎవరు కాదన్నారు?”

“ఎవరో కాదన్నారనేగా ఇవ్వాళ మళ్ళీ అనమంటున్నావు.”

“నేను కాదు దొమీ, చట్టం. కొత్త జడ్జి తూర్పు నుంచి పెట్టెడు పుస్తకాలు వెంటబెట్టుకొచ్చాడు. ఆ పుస్తకాల ప్రకారం పాదిరి గానీ మేజిస్ట్రేటు గానీ చెయ్యనిది పెళ్ళి కాదట.”

“మరి మా నాన్న చేసింది?”

“అది… అది వాళ్ళ లెక్కలోకి రాదు.”

“రెండు రాగి బిందెలు, ఒక తుపాకీ, ఒక తాను ఎర్ర గుడ్డ పట్టుకొచ్చి మా నాన్న గుమ్మం ముందు మూడు రోజులు కూర్చున్నావే, అదేమిటి మరి? తోళ్ళ బేరమా?”

“పాతవన్నీ ఎందుకిప్పుడు.”

“మా వాళ్ళు నూట ఇరవై మంది భోంచేశారు. ఏట్లో దానంతటదే పండే బియ్యం, జింక మాంసం. నువ్వు తిని తిని కూర్చున్నచోటే పక్కకి ఒరిగిపోతే మా అన్నలు కాళ్ళూ చేతులూ పట్టుకుని మోసుకెళ్ళి నా గుడిసెలో పడేశారు. ఊరంతా నవ్వింది.”

“నాకు గుర్తుంది. నాకు చెప్పి ఏం లాభం, జడ్జి ఒప్పుకోవాలిగా. ఊళ్ళో ముప్పయ్యొక్క మంది మగాళ్ళ మీద కేసు పెట్టాడు. అందరూ నాలా మాంట్రియాల్ నుంచి వచ్చిన మన బాపతే. అందరి ఆడవాళ్ళూ మీ వాళ్ళే. పదకొండు మంది అప్పుడే తప్పు ఒప్పుకుని పెళ్ళి చేసేసుకున్నారు.”

“ఆ పెళ్ళిళ్ళు చేసింది నువ్వే కదయ్యా.”

“మేజిస్ట్రేటుని. చెయ్యమంటే చెయ్యనంటానా?”

“ముసలి గాబ్రియెల్ చేత, వాడి ముసల్దాని చేత ప్రమాణం చేయించావు. పక్కన మనవరాలు నిలబడి చూస్తోంది. ముసల్ది ఇంటికెళ్ళి రెండు రోజులు ముద్ద ముట్టలేదు, తెలుసా?”

“అందరూ చేసుకుంటున్నారు. మనమేం పైనుంచి ఊడిపడ్డామా?”

“నేనలా అనలేదు.”

“మరి లే. ఆ ఆకుపచ్చ గౌను వేసుకో. పది గంటలకి రమ్మన్నారు.”

“అది చంకల్లో పట్టేస్తుంది.”

“పట్టనీ. గంటసేపు ఓర్చుకో. నా కోసం కాదు, మన పిల్ల సెలెస్ట్ కోసం. ఎండలొచ్చాక ఏజ్రాతో దాని పెళ్ళి పెట్టుకున్నాం. ఏజ్రా వాళ్ళమ్మ ఒహాయో నుంచి ఉత్తరం రాసింది, పిల్ల తల్లిదండ్రుల పెళ్ళి కాగితం ఏదీ అని.”

“ఏజ్రా అడిగాడా?”

“వాడేం అడుగుతాడు. పొద్దస్తమానం సర్వే గొలుసు పట్టుకుని నేల కొలుచుకునేవాడు.”

“అవును. కొలుస్తూనే ఉంటాడు.”

“ఏమిటి అలా అంటున్నావు?”

“ఏం లేదు. కోటు లోపల ఆ కాగితం ఏమిటి?”

“ఏ కాగితం?”

“ఇందాకటి నుంచి మూడుసార్లు తడుముకున్నావు. అదే.”

“కోర్టుది. నీకెందుకు.”

“చదువు, వింటాను.”

“ఇంగ్లీషులో ఉంది.”

“నువ్వు మన మాటలో చెప్పు. తోళ్ళ బేరానికి ఇరవయ్యారేళ్ళు నీ మాట మా వాళ్ళకీ, వాళ్ళ మాట నీకూ చెప్పింది నేను. ఒక్కరోజు నువ్వు చెబితే అరిగిపోవు.”

“…‘అంబ్రాజ్ లావాల్, వ్యాపారి, బెల్‌రివ్ నివాసి.’ తర్వాత ఊరికే కోర్టు మాటలు.”

“ఆ కోర్టు మాటలే కావాలి.”

“‘దొమితిల్ అనే మెనామినీ తెగ ఆడదానితో…’”

“అనే.”

“అలాగే రాస్తారు దొమీ. అందరికీ అలాగే రాశారు. ‘…పెళ్ళి లేకుండా, ఇరవయ్యారేళ్ళుగా…’”

“ఆగావేం?”

“నువ్వు వినాల్సిన మాట కాదు.”

“నా గురించి రాశారు. జడ్జి చదివాడు, గుమస్తా చదివాడు, సారాకొట్టులో చెప్పుకుని ఉంటారు. నేనొక్కదాన్నే వినకూడదా?”

“‘…సిగ్గుమాలిన కాపరం చేస్తున్నాడు.’ విన్నావా? తృప్తి పడ్డావా?”

“…”

“ఏదో ఒకటి అను.”

“కింద సంతకం ఎవరిది?”

“జడ్జిది.”

“దాని పక్కన. ఆ కొక్కెం గీత. అంగడి పుస్తకంలో రోజూ చూసే గీతే.”

“…పొద్దున పెట్టాను. తప్పు ఒప్పుకుంటే గానీ పెళ్ళికి అనుమతివ్వరు.”

“పొద్దున ఎప్పుడు? నేను నీకు రొట్టె కాల్చి పెట్టకముందా, పెట్టాకా?”

“అదేం ప్రశ్న?”

“తిని వెళ్ళి పెట్టావా, పెట్టొచ్చి తిన్నావా అని.”

“పెట్టొచ్చి తిన్నాను. చాలా?”

“నేను పెళ్ళికాని ఆడదాన్నని, నాతో సిగ్గుమాలిన కాపరం చేశానని రాసిచ్చి, వచ్చి నా చేతి రొట్టె తిన్నావు. వెన్న తక్కువైందని కూడా అన్నావు.”

“మాటకి మాట పెంచకు. వాళ్ళ రాత వాళ్ళది. మన మధ్య ఏముందో మనకి తెలీదా? సాయంత్రానికి చేతిలో మంచి కాగితం ఉంటుంది. నీకూ గౌరవం, పిల్లలకీ గౌరవం.”

“నాకు గౌరవం లేదని నిన్నటిదాకా ఎవరూ చెప్పలేదు. ఈ ఊళ్ళో ఎవరికి తగాదా వచ్చినా నీ అంగడి బల్ల ముందుకొచ్చేవాళ్ళు. నువ్వు గొంతు సవరించుకుని తీర్పు చెప్పేలోపల నేను రెండు పక్షాలకీ పులుసు పోసి పెట్టేదాన్ని. సగం తగాదాలు నా గిన్నెలోనే తీరిపోయాయి.”

“కాదన్నానా? నువ్వు లేకపోతే నేను లేను.”

“ఎందుకింత తొందర? సోమవారం నువ్వు నిలబడే సభ ఎన్నికనా?”

“అదీ ఒకటనుకో. ఆ క్రోవెల్ తన సారాకొట్టు గుమ్మంలో నిలబడి పొద్దుగూకులూ అదే కూత. ఉంపుడుగత్తె ఇంట్లో పడుకునేవాడు రేపు సభలో కూర్చుని మనకి చట్టాలు చేస్తాడా అని.”

“అలా అన్నాడా?”

“నలుగురి ముందూ అన్నాడు.”

“నువ్వు విన్నావా?”

“విన్నాను.”

“విని ఊరుకున్నావు. వాడి పళ్ళు రాలగొట్టకుండా ఇంటికొచ్చి నన్ను పెళ్ళి చేసుకోమంటున్నావు.”

“పళ్ళు రాలగొడితే ఓట్లు పడవే.”

“‘అదీ ఒకటి’ అన్నావు. రెండోది ఏమిటి?”

“రెండోదేం లేదు.”

“అదీ ఒకటంటే ఇంకోటి ఉన్నట్టేగా.”

“నోటికొచ్చింది, అన్నాను. లే, టైమవుతోంది.”

“నిన్న మా అమ్మ దగ్గరికి వెళ్ళాను.”

“ఏట్లోకి పొడుచుకొచ్చిన ఆ కొన మీదకా? ఎప్పుడు? నాకు చెప్పలేదే.”

“సంతకం సంగతి నువ్వు చెప్పావా?”

“…ఎలా ఉంది ముసలావిడ?”

“కట్టెలు అయిపోయాయంది. ఏరుకొద్దామని ఇంటి వెనక్కి వెళ్ళాను. ఏరేదేముంది, బోలెడు కట్టెలు. పెద్ద పెద్ద మాపుల్ చెట్లు ఏడు నేల మీద పడున్నాయి. అమ్మ చక్కెరకి పానకం తీసే చెట్లు. మా అమ్మమ్మ మొదటి గాటు పెట్టిన చెట్లు.”

“…”

“ఇందాక నన్ను ఏదో ఒకటి అనమన్నావుగా. ఇప్పుడు నువ్వను.”

“కొట్టవద్దనే చెప్పాను. ఎన్నికయ్యేదాకా ఆగమన్నాను.”

“అంటే చెప్పాల్సిన అవసరం నీకుంది. నీ మనుషులే.”

“నా మనుషులు కాదు, కౌంటీ మనుషులు.”

“కొనంతా మేకులు కొట్టి మేకు మేక్కీ ఎర్ర గుడ్డ పీలిక కట్టారు. ఏజ్రా గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. ‘ఏం నాయనా, ఏం కడతారిక్కడ’ అన్నాను. ‘కోర్టు అత్తయ్యా, ఆ పక్కన జైలు. మామయ్య చెప్పలేదా’ అన్నాడు.”

“వాడి నోట్లో నువ్వుగింజ నానదు.”

“అబద్ధం రాదు వాడికి. ‘ఎవరిదీ నేల’ అని అడిగాను. పటం విప్పి చూపించాడు. ఈ ఇల్లు, అంగడి, మిల్లు, మా అమ్మ ఉన్న కొన, వెనక చెట్లు, ఏటి ఒడ్డు నుంచి అడవి దాకా ఒకటే పట్టీ. దాని మీద నా పేరుంది.”

“నీకు తెలుసనుకున్నాను.”

“ఎలా తెలుస్తుంది? మూడేళ్ళ కింద భూముల అధికారి వచ్చినప్పుడు ఇక్కడ గుర్తు పెట్టు అన్నావు, పెట్టాను. నువ్వు చెబితే నేనెప్పుడు ఎందుకన్నాను?”

“దొమీ, యుద్ధంలో నేను ఇంగ్లీషు రాజు పక్షాన తుపాకీ పట్టినవాణ్ణి. నా పేరున అడిగుంటే అమెరికా వాళ్ళు జానెడు నేల ఇచ్చేవాళ్ళు కాదు. నీ పేరు పెట్టాను కాబట్టి దక్కింది. అది తప్పా?”

“తప్పని నేననలేదు. మంచి పనే చేశావు. నా పేరు పక్కన ఏం రాయించావు?”

“…ఏజ్రా అదీ చదివాడా?”

“నాకు వినిపించాలని కాదు పాపం, అలవాటుగా చదివేశాడు. చదివి, చెవులు ఎర్రబడిపోయి, పటం చుట్టేశాడు. ‘పెళ్ళికాని స్త్రీ.’”

“భార్యంటే మొగుడెవడంటారు. మొగుణ్ణి నేనంటే మొదటికే మోసం. ఇంకేం చెప్పమంటావు?”

“బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పావు. ఈ జడ్జి రాకముందే. ఆ పుస్తకాల పెట్టె పడవెక్కకముందే. దొమితిల్‌కి పెళ్ళి కాలేదని ఈ ఊళ్ళో మొట్టమొదట చెప్పినవాడివి నువ్వు.”

“నేల కోసం చెప్పాను. మన కోసం చెప్పాను.”

“మరి ఇవ్వాళ పెళ్ళి దేని కోసం?”

“చెప్పాగా. సెలెస్ట్…”

“నేను చెప్పనా? పెళ్ళయిన ఆడదాని నేల మీద పెత్తనం మొగుడిదట. ఇవ్వాళ నేను సమ్మతమే అంటే, మధ్యాహ్నానికల్లా కొన నీ చేతికొస్తుంది. కోర్టు కట్టుకోమని కౌంటీ వాళ్ళకి మాటిచ్చావు. నాది కాబోయే నేల అని మాటిచ్చావు.”

“ఇచ్చాను. కూర్చో. ఇటు చూడు, ఒక్క నిమిషం నా మాట విను. ఇక్కడికొచ్చిననాడు నాకు పంతొమ్మిదేళ్ళు. చేతిలో తెడ్డు, వీపు మీద మూట. ఆ మూటా నాది కాదు, మాంట్రియాల్ షావుకారుది. ఈ ఊళ్ళో మొదటి అంగడి మనది. మొదటి మిల్లు మనది. ఇప్పుడు బీవర్లు ఏటికేడాది తగ్గిపోతున్నాయి, తోళ్ళ పని ఇంకో ఐదేళ్ళు. తర్వాత? తూర్పు నుంచి వచ్చేవాళ్ళకి కావాల్సింది తోళ్ళు కాదు, నేల. కోర్టెక్కడుంటే బాటలు అక్కడికొస్తాయి, పడవలు అక్కడాగుతాయి. రెండు మైళ్ళ ఎగువన క్రోవెల్ తన మిట్టని ఊరికే ఇస్తానంటున్నాడు. కోర్టు అక్కడికి పోయిందా, బెల్‌రివ్‌లో గడ్డి మొలుస్తుంది. మనం, గాబ్రియెల్, మన బాపతంతా అడుక్కు తినాలి. వాళ్ళ సభలో మనవాడొక్కడైనా కూర్చోకపోతే మన గోడు ఎవడు వింటాడు?”

“ఇదంతా నిజమే.”

“మరి?”

“నిజమైనప్పుడు నాకు ముందే ఎందుకు చెప్పలేదు?”

“ఒప్పుకోవని.”

“అడగలేదుగా.”

“అడిగితే ఒప్పుకునేదానివా?”

“మా అమ్మ ఎక్కడికి పోవాలి?”

“ఇక్కడే గది కట్టిస్తాను. చెక్కలతో, గాజు కిటికీ పెట్టి.”

“డెబ్బై ఎనిమిదేళ్ళు. పైన పొగ పోయే కంత లేని ఇంట్లో ఆవిడ ఒక్కరోజు నిద్రపోలేదు. పోనీ ఆవిడ సంగతి వదిలెయ్. మార్చిలో మా వాళ్ళు ముప్ఫై కుటుంబాలు పానకానికి వస్తారు. ఎక్కడికి రమ్మనమంటావు? జైలు పెరట్లోకా?”

“వేరే చోట చెట్లు లేవా?”

“వేరే చోటన్నీ కొలిచేశారు.”

“నాతో ఏం చెప్పిస్తావు దొమీ. అన్నీ నిలబెట్టలేను.”

“ఒక్కటి నిలబెట్టు. ఇద్దరం కోర్టుకెళదాం. గౌను వేసుకుంటాను, చంకలు చిరిగినా సరే. నువ్వు జడ్జి ముందు నిలబడి చెప్పు. ఈవిడ నా భార్య, ఇరవయ్యారేళ్ళ కింద వాళ్ళ నాన్న నాకిచ్చాడు, ఊరంతా చూసింది, నేను ఏ తప్పూ చెయ్యలేదు, పొద్దున పెట్టిన సంతకం కొట్టెయ్యండి అని. అంతే.”

“అంతేనా? అలా అంటే మూడేళ్ళ కింద చెప్పింది దొంగ ప్రమాణమని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. నేల పోతుంది. ఇల్లూ మిల్లూ పోతాయి. మీ అమ్మ కొన కూడా పోతుంది, తెలుస్తోందా నీకు?”

“పోనీ.”

“ఏమిటీ?”

“పోతే పోనీ. అమ్మకి నేను చెప్పుకుంటాను. మా అన్న వాళ్ళ ఊరికి ఎగువకి పోదాం. నువ్వొచ్చిననాడు తెడ్డు తప్ప ఏం లేదన్నావు. నేను దాన్ని చూసే సరేనన్నాను.”

“నాకు నలభై ఆరేళ్ళు.”

“నాకు నలభై నాలుగు. తెడ్డు ఇద్దరం వేద్దాం. చెబుతావా?”

“సోమవారం దాటనీ, అప్పుడు…”

“ఇవ్వాళ. చెబుతావా?”

“నావల్ల కాదు దొమీ. ఇంత దూరం వచ్చి మళ్ళీ ఆ పడవెక్కలేను.”

“సరే.”

“సరే అంటే?”

“అడిగాను, చెప్పావు. సరే.”

“కోపం వస్తే నాలుగు తిట్టు. అలా సరే అనకు. అదిగో, తలుపు తడుతున్నారు. కోర్టు గుమస్తా పెట్టిబోన్ అయ్యుంటాడు. మొహం తుడుచుకో. రావయ్యా, లోపలికి రా.”

“నమస్కారం లావాల్ గారూ. నమస్కారం అమ్మా. జడ్జిగారు వచ్చేశారు. వివరాలు ఇక్కడే రాసుకుంటే అక్కడ మీకు నిలబడే పని తగ్గుతుందని…”

“కూర్చో నాయనా. ఇంగ్లీషు వద్దు, మా మాటలోనే మాట్లాడు. నీకొచ్చుగా.”

“మీ చేపల పులుసు తింటూ నేర్చుకున్నదేగా అమ్మా.”

“నువ్వు అడిగేముందు నేను నాలుగు అడుగుతాను. ఈ నేరం ఎవరి మీద రాశారు?”

“ఆయన మీదే. ఆడవాళ్ళ మీద ఎవరి మీదా పెట్టలేదు.”

“పెళ్ళి జరగకపోతే ఏం చేస్తారు?”

“జరిమానా వేస్తారు. సంతకం పెట్టేశారు కాబట్టి అది తప్పదు.”

“జైల్లో వేస్తారా?”

“అబ్బే, లేదమ్మా.”

“ఎన్నికలో నిలబడొచ్చా?”

“నిలబడొచ్చు. ఓట్లు పడతాయా అంటే… నేనెలా చెప్పను.”

“దొమీ, ఆపు. పెట్టిబోన్, నువ్వు బయట ఒక్క క్షణం…”

“ఉండు నాయనా. నా పేరున నేలుంది, తెలుసుగా. పెళ్ళి కాకపోతే అది ఎవరిది?”

“మీదే అమ్మా. మీరు గుర్తు పెట్టందే ఎవరూ గడ్డిపరక కదపలేరు.”

“నా తర్వాత?”

“మీ పిల్లలకి.”

“పెళ్ళికాని తల్లి పిల్లలకి వస్తుందా?”

“తల్లిది తల్లి పిల్లలకి వస్తుందమ్మా. చిక్కల్లా తండ్రి ఆస్తి దగ్గరే.”

“అవును మరి. తండ్రెవరో చెప్పాలంటే కాగితం కావాలి. తల్లెవరో చెప్పడానికి ఏ కాగితమూ అక్కర్లేదు.”

“దొమీ, ఒక్కసారి రాతలోకి ఎక్కితే ఇక చెరగదు. సెలెస్ట్ మొహం గుర్తు తెచ్చుకో. ఆ పిల్ల పెళ్ళి…”

“ఈ పెళ్ళి కాగితం రాకపోవచ్చని సెలెస్ట్‌కి నిన్ననే చెప్పాను. ఏజ్రా కూడా అక్కడే ఉన్నాడు. వాళ్ళమ్మకి ఏం రాయాలో తను చూసుకుంటానన్నాడు.”

“అంటే ఇంట్లో అందరికీ తెలుసన్నమాట. నాకొక్కడికే తెలియదు.”

“నీకొక్కడికే తెలియదు. ఎలా ఉంది?”

“అమ్మా, మరి… నేను రాయాలి. దొమితిల్, బెల్‌రివ్. ఈయనతో పెళ్ళికి మీకు సమ్మతమేనా?”

“సమ్మతం లేదు.”

“అయితే మీ పేరు పక్కన… ఏదో ఒక వివరం ఉండాలమ్మా.”

“పెళ్ళికాని స్త్రీ అని రాయి.”

“దొమీ. ఆ మాట చెబుతున్నప్పుడు ఇందాక నీ మొహంలో రక్తం లేదు. నేను చూశాను. ఎందుకు నీకు నువ్వే…”

“ఇందాక అది నువ్వు రాసిచ్చిన మాట. ఇప్పుడు నేను రాయిస్తున్నది. ఇరవయ్యారేళ్ళు నేనేమిటో నాకు తెలుసు, చచ్చిపోయిన మా నాన్నకి తెలుసు, ఆ తిండి తిన్న నూట ఇరవై మందికీ తెలుసు. కోర్టుకి తెలియకపోతే దాని కర్మ. రాయి నాయనా. కలం అక్కడే ఆపేశావేం?”

“రాస్తున్నానమ్మా.”

“ఏజ్రా ఇంకా కొన మీదే ఉంటాడు. మేకులు పీకెయ్యమని చెప్పు. ఎర్ర గుడ్డలు పారెయ్యద్దను, మా అమ్మకిమ్మను. బొంత కుట్టుకుంటుంది.”

“చెబుతాను. ఇల్లు, మిల్లు, నేల మీవని కూడా రాశాను. ఇంకొక్కటే మిగిలింది. అడగడానికి నాకే నోరు రావడం లేదు. ఈ ఇంట్లో ఉంటున్న లావాల్ గారు… మీకు ఏమవుతారని రాయను?”

“అద్దెకుంటున్నారని రాయి నాయనా. ఎన్నాళ్ళుంటారో ఇంకా మాట్లాడుకోలేదు.”